కాలవ గట్టు, కంకర బాట, ఒక సైకిలు

ఈ వారం ఉత్తరాల కట్టలో తణుకు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఉంది. "డాక్టరు గారూ! నాకు యాభై ఆరేళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పి. మెట్లు ఎక్కలేను, కింద కూర్చుంటే లేవలేను. ఎక్స్‌రే చూసి కీళ్ళు అరిగాయన్నారు. నడవమంటే నడవలేకపోతున్నాను. సైకిలు తొక్కితే మంచిదన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే మా పిల్లలు పడీ పడీ నవ్వారు. ఈ వయసులో, ఈ లారీల మధ్య నన్ను సైకిలు తొక్కమంటారా? మీరేమంటారు?" అని అడిగారు.

తొక్కమనే అంటాను. అయితే లారీల మధ్య వద్దంటాను. కొన్నేళ్ళ క్రితమైతే ఈ ఉత్తరానికి నాలుగు వాక్యాల్లో జవాబు రాసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడలా కాదు. ఇలాంటి మోకాళ్ళే ఉన్న మా ఆవిడతో కలిసి, మోటారు వాహనాల గొడవలేని ఒక కాలవ గట్టు మీద అయిదు రోజులపాటు సైకిలు తొక్కి వచ్చాను. ఆ ప్రయాణంలో నేను నేర్చిన పాఠాలే ఈ వారం సలహాలు. అందులో ఒక పాఠం నా తప్పువల్ల నేర్చుకున్నది. అదీ దాచకుండా చెబుతాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళ తరువాత

మా ఆవిడది గోదావరి కాలవ పక్క ఊరు. హైస్కూలుకు రోజూ మూడు మైళ్ళు కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేదట. పెళ్ళయ్యాక సైకిలు పుట్టింట్లో ఉండిపోయింది. తొక్కవద్దని ఎవరూ అనలేదు. తొక్కమనీ ఎవరూ అనలేదు. అలా ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఈలోగా ఒంటికి బరువు, మోకాళ్ళకు నొప్పి, రక్తపు పోటుకు ఒక మాత్ర వచ్చి చేరాయి. నాకు పన్నెండేళ్ళుగా మధుమేహం. ఊరందరికీ వ్యాయామం చెయ్యమని చెప్పే నేను, ఆస్పత్రికి కారులో వెళ్ళి కారులో వచ్చేవాణ్ణి.

మా అబ్బాయి ఫ్రాన్సు దేశపు దక్షిణాన, విమానాలు తయారయ్యే తులూజ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 సెప్టెంబరులో మేము వెళతామనగానే, "నాన్నగారూ, ఈసారి కారు షికార్లు వద్దు. కాలవ గట్టు మీద సైకిళ్ళ మీద వెళదాం" అన్నాడు. నేను నవ్వేశాను. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. మర్నాడే వ్యాయామ సైకిలు ఒకటి తెప్పించమంది. మూడు నెలలపాటు మొదట పది నిమిషాలు, తరువాత ఇరవై, ఆఖరుకు ముప్పావు గంట తొక్కింది. బయలుదేరే ముందు ఇద్దరం గుండె పరీక్ష చేయించుకున్నాం. పాఠక సోదరులారా, ఈ మూడు నెలల సంగతి మరచిపోకండి. ప్రయాణం అక్కడ మొదలైంది కాని కాలవ గట్టు మీద కాదు.

మూడు వందల ఏళ్ళు దాటిన కాలవ

ఆ కాలవ పేరు కనాల్ దు మిదీ. అంటే దక్షిణ దేశపు కాలవ. తులూజ్ నుంచి మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న తో ఉప్పుకయ్య దాకా 240 కిలోమీటర్లు. దీన్ని తలపెట్టినవాడు ఇంజనీరు కాడు. ఉప్పు పన్ను వసూలు చేసే ఉద్యోగి. పేరు పియేర్ పోల్ రికే. యాభై దాటిన వయసులో పని చేపట్టాడు. 1666లో రాజుగారి ఆజ్ఞ దొరికింది. కాలవకు అసలు చిక్కు నీళ్ళు. మధ్యలో ఎత్తయిన నేల ఉంది. అక్కడ పడిన వాన ఒక పక్క అట్లాంటిక్‌కు, మరో పక్క మధ్యధరాకు పారుతుంది. ఆ మిట్ట మీదికి నల్లకొండల వాగుల నీటిని పిల్లకాలవల ద్వారా మళ్ళించి, సేం ఫెరియోల్ దగ్గర పెద్ద చెరువు కట్టి, రెండు వైపులకూ నీరు వదిలాడు. వేల మంది ఆడా మగా కూలీలు తవ్వారు. ఆ కాలంలోనే జబ్బు చేసిన రోజులకూ, పండుగ రోజులకూ కూలి ఇచ్చాడంటే రికే ఎంత ముందుచూపు ఉన్నవాడో చూడండి! ఆస్తంతా పోసి, అప్పులపాలై, 1680లో కన్ను మూశాడు. మర్నాటి ఏడు మే నెలలో కాలవ మీద పడవలు నడిచాయి. చూసే అదృష్టం ఆయనకు లేకపోయింది.

మన గోదావరి జిల్లాల వారికి ఆ కాలవ కొత్తగా అనిపించదు. అవే లాకులు, అవే గేట్లు, పడవ వచ్చి ఆగగానే నీరు నింపడం, వదలడం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తరువాత మన కాలవల్లో గట్టు మీద మనుషులు తాడు కట్టి పడవలు లాగేవారు. అక్కడ గుర్రాలు లాగేవి. ఆ గుర్రాలు నడిచిన బాటే ఇప్పుడు సైకిలు బాట. రైళ్ళూ లారీలూ వచ్చాక సరకు పడవలు మూలపడ్డాయి. ఇప్పుడు తిరిగేవి విహార పడవలే. 1996లో యునెస్కో వారు దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

తులూజ్ దగ్గర యాభై కిలోమీటర్ల దాకా బాట తారు వేసినది. ఆ తరువాత గ్రావెల్ మొదలవుతుంది. మేము కార్కాసోన్ కోట దగ్గర ఎక్కి బెజియే పట్టణం దాకా సుమారు నూరు కిలోమీటర్లు, రోజుకు ఇరవై లెక్కన వెళ్ళాలని నిర్ణయించుకున్నాం. ఆ ప్రాంతంలో పడమటి గాలి ఎక్కువ. దాన్ని అక్కడివారు సెర్స్ అంటారు. మేము తూర్పుకు వెళ్ళడంవల్ల గాలి వీపున తోసేది. ఎదురుగాలిలో సైకిలు తొక్కడమంటే ఎత్తు ఎక్కడమే! ఇది మనవారికి తెలియని సంగతి కాదు.

సీటు ఎత్తు తెలుసుకోండి

కార్కాసోన్‌లో సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం. మా ఆవిడకు నడిమి కడ్డీ కిందికి వంగిన లేడీస్ సైకిలు. హేండిల్ పట్టుకుని అయిదు నిమిషాలు కదలకుండా నిలబడింది. ఇంట్లో గోడ పక్కన కదలని సైకిలు వేరు, పక్కనే నీళ్ళున్న గట్టు వేరు గదా! "పడితే నవ్వకండి" అంది. ఎక్కింది. నాలుగు గజాలు పాములా వంకర్లు పోయింది. అయిదో గజం నుంచి తిన్నగా సాగిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు మనసు మరచినా కాళ్ళు మరచిపోలేదు.

మోకాళ్ళ నొప్పి వారు మొట్టమొదట చూసుకోవలసింది సీటు ఎత్తు. మనవాళ్ళు పడిపోతామన్న భయంతో సీటును బాగా కిందికి దించుతారు. అప్పుడు మోకాలు మరీ ఎక్కువగా మడత పడి, చిప్ప మీద ఒత్తిడి పెరిగి, ఉన్న నొప్పి రెట్టింపవుతుంది. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద ఉంచండి. పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి. తరువాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. అదీ సరైన ఎత్తు. గేర్లు ఉంటే తేలిక గేరులో చకచకా తొక్కండి. బరువు గేరులో బలవంతంగా తొక్కకండి.

నడిచేటప్పుడు ఒంటి బరువంతా అడుగడుగునా మోకాళ్ళ మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువులో చాలాభాగం సీటు మోస్తుంది. మోకాలు మాత్రం మెత్తగా ఆడుతూ ఉంటుంది. తొడ కండరాలు బలపడతాయి. అరిగిన మృదులాస్థి తిరిగి మొలవదు. ఆ మాట ఎవరన్నా నమ్మకండి. కాని కండ బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది.

ద్రాక్షతోటల మధ్య

రెండోరోజు త్రెబ్ అనే ఊరు దాటాక బాట ఇరుకైంది. అక్కడక్కడ చెట్ల వేళ్ళు పైకి తేలి ఉన్నాయి. ఇరుపక్కలా ద్రాక్షతోటలు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్ షాహీ ద్రాక్షకు వేసిన పందిళ్ళు చూసిన నాకు అవి వింతగా కనిపించాయి. అక్కడ పందిళ్ళు లేవు. నడుము ఎత్తు పాదులు, బారులు తీర్చిన మిరప చేలలా కొండ వాలుల దాకా సాగిపోయాయి. కోతల కాలం. తోటల్లో నుంచి పులియబోతున్న పండ్ల వాసన.

కాలవ గట్టుకు ఆ దేశపు అందమంతా ప్లేన్ చెట్లు. పంతొమ్మిదో శతాబ్దంలో నలభై వేలకు పైగా నాటారు. గట్టు జారకుండా వేళ్ళు పట్టుకునేవి, నీటి మీద నీడ పడేది. 2006లో వాటికి బూజు తెగులు సోకినట్టు కనిపెట్టారు. మందు లేదు. సోకిన చెట్టునూ, దాని పొరుగు చెట్లనూ నరికి కాల్చవలసిందే. సగానికి పైగా పోయాయి. తెగులు తట్టుకునే జాతులు నాటుతున్నారు కాని, అవి ఎదిగి నీడనిచ్చేసరికి మన మనవలు పెద్దవారవుతారు. నీడ లేనిచోట పదకొండు గంటల ఎండ మాడ్చింది. టోపీ, నీళ్ళ సీసా లేకుండా గట్టు ఎక్కకండి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి ఇరవై నిమిషాలకూ రెండు గుక్కలు తాగండి.

ఆ రోజు సాయంత్రానికి నా చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయి. కంకర మీద అదురుకు, అరచేతి అంచున ఉండే నరం నలిగితే ఇలా అవుతుంది. హేండిల్‌ను గట్టిగా పిడికిట బిగించకండి. మోచేతులు కాస్త వంచండి. అప్పుడప్పుడు చేతులు మార్చి పట్టుకోండి. మెత్తని చేతితొడుగులు వేసుకోండి. టైర్లలో గాలి రాయిలా కొట్టించకండి. వెడల్పు టైరు, కాస్త తక్కువ గాలి ఉంటే కంకర మీద ఒళ్ళు హూనం కాదు. కంకరలో ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కకండి, హేండిల్ గబుక్కున తిప్పకండి. చక్రం జారుతుంది.

నా తప్పు

మూడోరోజు సంగతి. ఓంప్స్ నుంచి ల సొమాయ్ అనే పల్లెకు ఇరవై కిలోమీటర్లే. దారిలో ఆర్జాన్స్ దాటితే బెజియే దాకా యాభై కిలోమీటర్లకు పైగా ఒక్క లాకు కూడా లేదు. ఎత్తు పల్లాలు లేని బాట. మా ఆవిడ హుషారుగా ముందు పోతోంది. నేను వెనకబడ్డాను. మగవాణ్ణి, పైగా డాక్టర్ని! ఉదయం మామూలు మోతాదు మాత్ర వేసుకున్నాను. తొందరలో కాఫీ, ఒక రొట్టె ముక్క మాత్రం తిన్నాను. పది గంటలకు "ఏమండీ, ఆగి ఏదన్నా తినండి" అంటే, "ల సొమాయ్ వెళ్ళాకే" అన్నాను.

పరాజా ఊరు దాటాక రెపూద్ర్ వాగు మీద 1676లో కట్టిన అక్విడక్టు వస్తుంది. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవారికి చెప్పనక్కరలేదు. కింద ఏరు, పైన కాలవ. మా అబ్బాయి ఫోటో తీస్తానని ఆపాడు. మా ఆవిడ "ఇటు నిలబడండి" అంది. అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీకేం తెలుసు? నోరు మూసుకో" అని అరిచాను. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనామెను అంత మాట అనలేదు. మా అబ్బాయి తెల్లబోయాడు.

ఆమె మాత్రం నా ముఖంలోకి చూసింది. నుదుటి మీద చెమట, వేళ్ళ వణుకు చూసింది. చెయ్యి పట్టి గట్టు మీద కూర్చోబెట్టింది. సైకిలు బుట్టలోంచి గ్లూకోజు పొట్లం తీసి మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాలకు కళ్ళముందు మసక విడిపోయింది. అప్పుడు ఒక వేరుశనగ ఉండ చేతిలో పెట్టింది. "మీరు రోగులకు చెప్పేదే నేను విన్నాను. కోపం మీది కాదు, షుగరు పడిపోయినదని తెలుసు" అంది. నేను తలెత్తలేకపోయాను. జేబు తడుముకుంటే చక్కెర పలుకు కూడా లేదు. ఎదుట నీళ్ళున్న కాలవ. మైకం కమ్మినప్పుడు సైకిలు మీదే ఉండి, ఒంటరిగా ఉండి ఉంటే? ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలలేదు.

మధుమేహ రోగులు దీన్ని కత్తిరించి దాచుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారికీ, క్లోమగ్రంథిని ఉసికొలిపే సల్ఫోనైల్ యూరియా జాతి మాత్రలు వాడేవారికీ ఈ ప్రమాదం ఉంది. ఎక్కువసేపు వ్యాయామం చేసే రోజున మోతాదు తగ్గించాలో, తిండి పెంచాలో ముందే మీ వైద్యుణ్ణి అడగండి. చెమట, వణుకు, మసక చూపు, కారణం లేని కోపం వచ్చాయంటే వెంటనే దిగండి. మొదట చక్కెర లేక గ్లూకోజు మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ మూడు. తరువాతే గట్టి తిండి. వేరుశనగ ఉండ మొదటే తింటే అందులోని కొవ్వువల్ల తీపి రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చండి. మరో సంగతి, చక్కెర ఆ రాత్రి కూడా పడవచ్చు. పడుకునే ముందు పరీక్ష చేసుకోండి.

వైను మంచిదేనా?

వాంతనాక్ ఊళ్ళో కాలవ ఒడ్డునే పెద్ద వైను గిడ్డంగి ఉంది. దారిన పోయే సైకిలు వారికి రుచి చూడమని చిన్న గ్లాసులో పోస్తారు. నేను వద్దన్నాను. ఎర్ర వైను గుండెకు మంచిదట గదా అని నన్ను చాలామంది అడుగుతూ ఉంటారు. 1990ల ఆరంభంలో ఆ మాటకు పెద్ద ప్రచారం వచ్చింది. ఇప్పుడు వైద్యులు ఆ మాట అనడం లేదు. ఏ కొంచెమైనా ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. పైగా మధుమేహ రోగి వ్యాయామం చేసి, మద్యం పుచ్చుకుంటే కాలేయం చక్కెర విడుదల చెయ్యలేక రక్తంలో చక్కెర ఇంకా పడిపోతుంది. ఫ్రాన్సులో తాగి సైకిలు నడపడం కూడా నేరమే. ద్రాక్షపళ్ళు తినండి. మధుమేహం ఉన్నవారు గుప్పెడుతో ఆపండి.

చక్రంలాంటి పొలం

అయిదోరోజు మల్పాస్ కొండ కింద సొరంగంలోంచి కాలవ పోతుంది. 1679లో తొలిచినది. పడవలు నడిచే కాలవకోసం తొలిచిన సొరంగాల్లో మొదటిదంటారు. కొండ మీదికి ఎక్కి చూస్తే మోంతాడీ బయలు కనిపిస్తుంది. 1247లో ఒక చిత్తడి చెరువును ఎండగట్టి పొలాలు చేశారు. మురుగు బోదెలన్నీ నడిమధ్యకు వచ్చి చేరుతాయి. పైనుంచి చూస్తే అచ్చంగా సైకిలు చక్రం, పుల్లలు, ఇరుసు! మా ఆవిడ చాలాసేపు చూసింది.

"మా ఊరి గట్టు కూడా ఇలాగే ఉండేదండీ. ఎవరూ వద్దనకపోయినా నేనే మానేశాను" అంది.

సాయంత్రానికి బెజియే చేరాం. అక్కడ ఫోంసెరాన్ లాకులు మెట్లలా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆ మెట్ల పక్కన వాలుగా దిగే బాటలో మా ఆవిడ సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చింది. అదీ తెలివే. దిగడం నామోషీ కాదు.

తణుకు సోదరికి

అమ్మా! మీ పిల్లల నవ్వుకు వెరవకండి. మీ ఊరి చుట్టూ కాలవలే గదా! గట్టు వెడల్పుగా, బండ్లు తక్కువగా ఉన్నచోటు ఒకటి చూసుకోండి. తెల్లవారాక, ఎండ ఎక్కకముందు వెళ్ళండి. చీకట్లో వద్దు. ఒంటరిగా వద్దు. తోడు ఎవరూ లేకపోతే ఒక పొరుగింటావిడను కూడగట్టుకోండి. నీళ్ళ వైపు కాకుండా పొలం వైపు తొక్కండి. చున్నీ, కొంగు నడుముకు బిగించి కట్టండి. అవి చక్రంలో చుట్టుకుని జరిగే ప్రమాదాలు తక్కువ కావు. తలకు హెల్మెట్ పెట్టుకోండి.

మొదటివారం రోజుకు పది నిమిషాలు చాలు. వారానికి అయిదేసి నిమిషాలు పెంచండి. వారం మొత్తం మీద నూట యాభై నిమిషాలకు చేరితే పెద్దలకు కావలసిన వ్యాయామం అందినట్టే. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ సరైన వేగం. మర్నాడు ఉదయానికి మోకాలు వాచినా, నొప్పి పెరిగినా రెండు రోజులు ఆపి, సీటు ఎత్తు మళ్ళీ చూడండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే దిగి వైద్యుణ్ణి చూడండి. గుండె జబ్బు ఉన్నవారు, తూలిపడే జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు.

మా ఆవిడ మోకాళ్ళు కుదిరిపోయాయని నేను చెప్పను. కింద కూర్చుంటే లేవడం ఇప్పటికీ కష్టమే. కాని మెట్లు ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకోవడం మానేసింది, నొప్పి మాత్ర ఎప్పుడో గాని అడగదు. మా ఊరి కాలవ గట్టు మీద వారానికి అయిదు రోజులు తెల్లవారి సైకిలు బెల్లు మోగుతుంది. వెనక ఇంకో సైకిలు. అది నాది. జేబులో గ్లూకోజు పొట్లం ఉందో లేదో గేటు దగ్గర ఆమె తడిమి చూశాకే నన్ను కదలనిస్తుంది.